రక్షణ పోయిందేమోనని రోజుకు నలభై ప్రార్థనలు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పుట్టినిల్లు లూథరన్ సంఘం, అత్తిల్లు పెంతెకోస్తు. ఏడాది కిందట అమ్మ క్యాన్సర్‌తో పోయింది. ఇంటిల్లిపాదీ నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేసినా దక్కలేదు. ఆ కోపంలో ఒక రాత్రి దేవుణ్ణి "నువ్వసలు లేవు" అనేశాను. ఎనిమిది నెలలు మందిరం గడప తొక్కలేదు. ఇప్పుడు వెళ్తున్నాను. అత్తయ్య బైబిల్లోని హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం చూపించి, అలా పోయిన రక్షణ మళ్లీ రాదన్నారు. మావారేమో ఒకసారి వచ్చింది పోదంటారు. రోజుకు ముప్పై నలభై సార్లు క్షమాపణ ప్రార్థన చేస్తున్నాను. ఒక్క మాట తడబడినా మళ్లీ మొదటినుంచి. నిద్ర లేదు. పసితనంలో ఒకటి, పెళ్లికి ముందు ముంచి ఒకటి, రెండు బాప్తిస్మాలయ్యాయి. మూడోది తీసుకోవాలా?

జవాబు: మీ ఇంట్లో వాదన నాలుగు వందల ఏళ్ల నాటిదమ్మా. 1610లో హాలండులో అర్మీనియస్ అనే వేదాంతి అనుచరులు ఐదు అంశాలు రాసిచ్చారు. విశ్వాసి రక్షణ పోగొట్టుకోగలడా అన్న ఐదో అంశం దగ్గరికొచ్చేసరికి, దీన్ని లేఖనాల్లో ఇంకా పరిశీలించాలి అని వాళ్లే ఆగిపోయారు. 1618-19లో అక్కడి సంఘ పెద్దలు కూడిన డోర్ట్ సభ మీవారి పక్షాన తీర్పు చెప్పింది. మీ పుట్టింటి సంఘం అంతకుముందే, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు అనే విశ్వాస ప్రకటనలో, పడిపోవడం సాధ్యమేనంది. పడినవాళ్లు ఎప్పుడు పశ్చాత్తాపపడినా క్షమాపణ ఉందని కూడా అంది. అంటే అత్తయ్యగారి మాటలో మొదటి సగమే మీ లూథరన్ సంఘానిది. ఈ తగవు నేను తీర్చలేను గానీ, ఏడుస్తూ తిరిగొచ్చిన మనిషికి తలుపు మూయమని ఈ రెండు పక్షాల్లో ఎవరూ అనలేదు.

హెబ్రీ పత్రిక రాసింది ఒత్తిడికి తట్టుకోలేక క్రీస్తును వదిలేద్దామా అని ఊగిసలాడుతున్న వాళ్లకి. మీరు తిరిగొచ్చి గడపలో నిలబడ్డారు. ఆరో వచనం దగ్గర ఆపకుండా ఇంకో మూడు వచనాలు చదవమని అత్తయ్యగారికి చెప్పండి. తొమ్మిదో వచనంలో ఆ రచయితే "ప్రియులారా" అని పిలిచి, మీ విషయంలో మంచే నమ్ముతున్నానంటాడు. యేసు శిష్యుడు పేతురు ఒట్టు పెట్టుకుని మరీ ఆయనెవరో తెలీదన్నాడు. అది జరగక ముందే యేసు అతనితో "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అన్నాడు. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, దాన్నీ బైబిల్లో ఉంచారు. తల్లి పోయిన కూతురు ఆ రాత్రి అన్న మాట దేవుడికి కొత్తేమీ కాదు.

నిజం చెప్పాలంటే ఆ మాటకంటే మీ నలభై ప్రార్థనలే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నాయి. చేతులు పదే పదే కడుక్కునేవాళ్లను చూసే ఉంటారు. కడిగిన కాసేపు ఊరట, మళ్లీ అనుమానం. ఓసీడీ అనే ఆ జబ్బే భక్తి రూపంలోనూ వస్తుంది. ఉత్తరం చూసి నేను నిర్ధారించలేను, సైకియాట్రిస్టు చూడాలి. మందులున్నాయి. మళ్లీ మళ్లీ చేయాలనిపించినా చేయకుండా ఆగడం కొంచెం కొంచెంగా నేర్పే థెరపీ ఉంది. ఇది విశ్వాసలోపం కాదు. ఇంగ్లండు బోధకుడు జాన్ బన్యన్ కూడా 1600ల్లో, బైబిల్లో ఒక పూట తిండికి జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్న ఏశావులా నేను క్రీస్తును అమ్మేసుకున్నానని చాలాకాలం కుమిలిపోయాడు. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులేమీ అక్కర్లేదు.

మూడో బాప్తిస్మం ఇప్పుడు వద్దు. ఆ నీళ్లు ఆరకముందే నాలుగోదాని ఆలోచన వస్తుంది. "నాకు రక్షణ ఉందా" అని మీరు అడిగినప్పుడల్లా "ఉంది" అని చెప్పడం కూడా మీవారు మెల్లగా తగ్గించాలి. ఆ ఊరటా చేతులు కడుక్కోవడం లాంటిదే. దానికి బదులు మొదటిసారి ఆయన్నే మీతో డాక్టరు దగ్గరికి రమ్మనండి. వాళ్లమ్మగారితో కూడా ఆయనే మాట్లాడాలి. కోడలు చెబితే ఎదురు చెప్పినట్టవుతుంది.