ఆరుబయట ఆకారం లేని శిల్పాన్ని ఎలా చూడాలి? వెల్డింగ్ షాపు అనుభవం

"కొండ, చెట్లు ఉన్నదే అందం కదా, మధ్యలో ఏంటో తెలీని ఇనుప శిల్పం పెడితే కొత్తగా ఏం వస్తుంది" అని అడిగారు కదా, నాదీ ఒకప్పుడు అదే ప్రశ్నండి. మాది రాయగడ, ఇంట్లో తెలుగు బజార్లో ఒడియా, నాన్నకి వెల్డింగ్ షాపుంది. కొన్నేళ్ల కిందట భువనేశ్వర్ నుంచి ఒక శిల్పి సార్ వచ్చి మూడు కోర్టెన్ (పైన తుప్పు పొర పట్టే ఒక రకం ఉక్కు) ప్లేట్లు నిలబెట్టే పని ఇచ్చారు, రోలింగ్ విశాఖలో చేయించి తెచ్చాం. షాపులో నిలబెడితే పైన రేకుకి తగిలేలా ఉంది, నాన్నయితే "ఏట్రా ఇది, ఏనుగంతుంది" అన్నారు.

సార్ మాత్రం ముందు అదే సైజులో వెదుర్లు కట్టించి, గోనెపట్టాలు చుట్టి, నాగావళి నది దాటాక శిల్పం పెట్టాల్సిన స్థలంలో నిలబెట్టించారు. దూరం నుంచి చూస్తే అగ్గిపుల్లే, వెనకున్న కొండ మింగేసింది. ఎత్తు పెంచుతారనుకున్నాం, ఆయన పెంచలేదు, దిబ్బ మీదకి మార్పించారు, అంతే, వెనక కొండ బదులు ఆకాశం వచ్చేసరికి అదే వెదురు కట్ట మనిషి నిలబడ్డట్టు కనిపించింది. నాకు విషయం అర్థమైంది ఆ రోజే. ఆరుబయట శిల్పంలో సగం ఇనుము, మిగతా సగం దాని చుట్టూ ఉన్నదే.

రెండు ప్లేట్ల మధ్య జానెడు సందు ఉంటుంది, అందులోంచి అవతలి కొండ భుజం ఒక్కటే కనిపిస్తుంది, నాలుగడుగులు పక్కకేస్తే సందు మూసుకుపోతుంది, ఇంకో రెండేస్తే మళ్లీ తెరుచుకుంటుంది. చిన్నప్పట్నుంచి రోజూ చూసిన కొండే, కానీ అది అలా వంగి దిగుతుందని అప్పటిదాకా నేను గమనించనేలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలో స్టార్మ్ కింగ్ అనే ఆరుబయట శిల్పాల పార్కులో రిచర్డ్ సెర్రా అనే అమెరికా శిల్పి 1991లో వాలు నేలలో నాలుగు ఉక్కు ప్లేట్లు పాతాడు, పై అంచులు మట్టంగా ఉంటాయి, నేల మాత్రం జారిపోతూ ఉంటుంది, మేస్త్రి రసమట్టం పెట్టినట్టు ఆ వాలు ఎంతుందో కంటికి తెలుస్తుంది. అదే సెర్రా 1981లో న్యూయార్క్ ఆఫీసుల మధ్య 120 అడుగుల ఉక్కు గోడ పెడితే దారికి అడ్డమని జనం గొడవపడ్డారు, 1989లో తీసేశారు. చోటుతో కుదరకపోతే అలాగే అవుతుంది.

ఇదంతా బయటి సంగతి అనుకోకండి. మా కోరాపుట్ వైపు గదబ గిరిజనుల ఊళ్లలో పోయినవాళ్ల పేరున నిలిపిన రాళ్లుంటాయి, ఆ రాళ్లున్న చోటుని సదర్ అంటారు, రాళ్లకి ముక్కూ మొహం చెక్కరు, ఊరి మధ్య, చెట్టు కింద, ఊరోళ్లు కూర్చునే చోట ఉంటాయి కాబట్టే వాటికా బరువు.

నాకు బాధ ఒక్కటే. మా ప్లేట్లు గడ్డిలోంచి నేరుగా లేచేవి, మొదటి వానలకి కోర్టెన్ తుప్పు కారి కింద మట్టీ అదీ ఒకే రంగయ్యాయి (ఆ తుప్పు పొరే తర్వాత లోపలి ఉక్కుని కాపాడుతుంది, పాడైందనుకోకండి). తర్వాత ఎవరో బాగు చేద్దామని చుట్టూ టైల్స్ వేసి, స్టీల్ రైలింగ్ కట్టి, రంగు లైట్లు పెట్టారు. ఇప్పుడది షోరూంలో వస్తువులా ఉంది, చూస్తే గుండె కలుక్కుమంటుంది.

అయినా ఒకసారి వెళ్లండి, వాన పడ్డ మర్నాడు పొద్దున్నే. అదేంటని అడక్కుండా రైలింగ్ బయట నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి, నది వైపు ఒక చోట సందు తెరుచుకుంటుంది, అక్కడ ఆగండి.