మీ ప్రశ్నలు: ఈసారి దర్శకుడు కె. విశ్వనాథ్ గారి సినిమాలు

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ ఒడియా మీడియంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. నాలుగేళ్లుగా ఒడిస్సీ నేర్చుకుంటోంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. మా మామగారి మాట మీద ‘శంకరాభరణం’ పెడితే అరగంటకే లేచిపోయింది. విశ్వనాథ్ గారి సినిమాలు దానికి దేనితో మొదలుపెట్టాలి?
- ఒక తల్లి, గుణుపురం

జవాబు: లేచిపోయిందని బాధపడకండమ్మా. 1980లో మా నాన్న సైకిల్ వెనక కూర్చుని పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లి ఆ సినిమా చూసినప్పుడు నాకూ సగం అర్థం కాలేదు. పాటలు మాత్రం ఇంటికొచ్చేదాకా పాడుకున్నాం.

మీ అమ్మాయికి ‘స్వర్ణకమలం’ పెట్టండి. 1988 నాటిది. కథ కూచిపూడిదే అయినా, మీ అమ్మాయి నేర్చుకుంటున్న నాట్యం కూడా అందులో ఉంది. అమెరికా నుంచి వచ్చి కేలూచరణ్ మహాపాత్ర గారి దగ్గర ఒడిస్సీ నేర్చుకున్న షెరాన్ లోవెన్ అందులో షెరాన్‌గానే కనిపిస్తారు. ఎక్కడో పుట్టిన ఆవిడకి ఈ నాట్యమంటే ప్రాణం. నాట్యాచార్యుడి కడుపున పుట్టిన మీనాక్షికేమో గజ్జెలంటేనే విసుగు. ఈ విద్య మా నాన్నకి ఏం పెట్టిందని ఆ పిల్ల బాధ. అందులో న్యాయముంది. విశ్వనాథ్ గారు దాన్ని కొట్టిపారేయలేదు. అందుకే ఆయన సినిమాలన్నిటిలో నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

ఇంకో కారణం కూడా చెప్పాలి. మా నాన్న షాపులకి బోర్డులు రాసేవారు, పైన ఒడియా, కింద తెలుగు. ఒడియా అక్షరం నెత్తిన గుండ్రని గొడుగుని ఒక్క విసురులో తిప్పేసేవారు. తెలుగు తలకట్టు దగ్గరకొచ్చేసరికి ఊపిరి బిగబట్టి, బ్రష్ మొన మాత్రం ఆనించేవారు. నన్నూ నేర్చుకోమని ఎన్నిసార్లన్నారో. టర్పెంటైన్ కంపు నాకొద్దనేదాన్ని. ఆయన పోయాక డబ్బా తీసి చూస్తే బ్రష్షులు పుల్లల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. తండ్రి పోయాక మీనాక్షి పడే బాధ చూసినప్పుడల్లా నాకు ఆ డబ్బానే గుర్తొస్తుంది.

ఒక్కటి మాత్రం నాకు నచ్చదు. మీనాక్షి దారి ఎటో ఆమెకంటే ముందు, ఆమెని ప్రేమించే చంద్రశేఖరే తేల్చేస్తాడు. వెంకటేష్ ఎంత బాగా చేసినా, ఆ పిల్ల తనంతట తాను తెలుసుకునేదాకా ఆగాల్సిందని నాకనిపిస్తుంది. మీ అమ్మాయి ఏమంటుందో అడిగి నాకు రాయండి.

ప్రశ్న: విశ్వనాథ్ గారు సినిమాల్లో గురువులందరినీ దేవుళ్లుగా చూపించారు. మా అబ్బాయి బాగా పాడిన రోజున వాడి సంగీతం మేష్టారు ముఖం మాడ్చుకుంటారు. సినిమా వేరు, జీవితం వేరు కదండీ?
- ఒక తండ్రి, బరంపురం

జవాబు: అందరినీ కాదండీ. ‘స్వాతికిరణం’ (1992) చూడండి. మమ్ముట్టి చేసిన అనంతరామశర్మ గొప్ప విద్వాంసుడు. గంగాధరం అనే చిన్న పిల్లవాడి పాట విని ఓర్వలేకపోతాడు. ఆ అసూయకి పిల్లవాడి ప్రాణమే పోతుంది. ‘శంకరాభరణం’లో గురువు పాట ఆగిన చోట శిష్యుడు అందుకుంటాడు. అంత గొప్పగా గురువుని నిలబెట్టిన మనిషే, పన్నెండేళ్ల తర్వాత గురువులో విషం కూడా ఉండొచ్చని చూపించారు. ఆ ధైర్యానికి నేను దణ్ణం పెడతాను. ఇక మీ అబ్బాయి సంగతి. మేష్టార్ని మార్చండి. మొహమాటపడకండి, ఆలస్యం చేయకండి.

ప్రశ్న: ఆయన సినిమా పేర్లన్నీ ‘స’, ‘శ’లతోనే మొదలవుతాయి, ఎందుకు?
- ఇంటర్ విద్యార్థి, రాయగడ

జవాబు: అన్నీ కాదు నాయనా. ‘చెల్లెలి కాపురం’, ‘కాలం మారింది’, ‘ఓ సీత కథ’, ‘జీవనజ్యోతి’, ‘ఆపద్బాంధవుడు’ కూడా ఆయనవే. పేరులో మొదటి అక్షరం సంగతి అలా ఉంచి ‘సప్తపది’ (1981) చూడు. నిష్ఠాగరిష్ఠుడైన తాత, మనవరాలిని ఆమె మనసుపడ్డ హరిజన యువకుడితో తనే పంపిస్తాడు. అది చూసొచ్చిన రాత్రి మా ఇంట్లో పెద్ద వాదన. తాత చేసింది తప్పని మా నాయనమ్మ, అంతకంటే మంచి పని లేదని మా నాన్న. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. మూడో రోజు నాయనమ్మే అన్నం వడ్డిస్తూ, “ఆ పిల్ల తర్వాత బాగానే ఉండి ఉంటుందా?” అని అడిగింది.