మెనూలో ఒక పేరు, టెర్మినల్‌లో ఇంకో పేరు

ప్రశ్న: లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని నెలైంది. మెనూలో ‘ఫైల్స్’ ఉంది కదా అని టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) అదే కొడితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటోంది. అసలు పేర్లు ఎలా తెలుస్తాయి సార్?

జవాబు: మెనూలో కనిపించేది ముద్దుపేరండీ, బడి రిజిస్టర్‌లో పేరు వేరే. మీది సినమన్ ఎడిషన్ మింట్ అయితే ‘ఫైల్స్’ అసలు పేరు నెమో, అదే ఉబుంటు అనే ఇంకో లినక్స్‌లో అయితే నాటిలస్. బట్టీ పట్టక్కర్లేదు. ఫైల్ సిస్టమ్‌లోని యుఎస్ఆర్ (usr) ఫోల్డర్‌లో షేర్, అందులో అప్లికేషన్స్ తెరవండి. మెనూలో ఉన్నవి చాలావరకు అక్కడే ఉంటాయి, కానీ డబుల్ క్లిక్ చేస్తే ప్రోగ్రామే మొదలైపోతుంది కాబట్టి రైట్ క్లిక్ చేసి టెక్స్ట్ ఎడిటర్‌తో తెరవండి. ‘ఎగ్జెక్’ (Exec) అని మొదలయ్యే మొదటి లైన్ చూడండి, ఈక్వల్స్ గుర్తు తర్వాత ఉన్నదే మీ కమాండ్. చివర పర్సెంట్ గుర్తు, యూ అక్షరం ఉంటే వదిలేయండి, అది ఫైల్ పేరు కోసం ఉంచిన ఖాళీ. అక్కడేమీ మార్చకండి, చూసి మూసేయండి. ఏదైనా ప్రోగ్రామ్ తెరుచుకోక మొరాయిస్తే ఇలా టెర్మినల్ నుంచి నడిపి చూడండి, మెనూ మింగేసే ఎర్రర్ అక్కడ కనబడుతుంది. ఫ్లాట్‌ప్యాక్ అనే వేరే ప్యాకేజీ పద్ధతిలో వేసుకున్నవి మాత్రం ఈ ఫోల్డర్‌లో దొరకవు, వాటికి ‘ఫ్లాట్‌ప్యాక్ లిస్ట్’ కొట్టండి.