మూడుసార్లు, మూడుసార్లే

ప్రశ్న: నాకు ఎవరి మీదా కక్ష లేదు, ఉన్నదున్నట్టు మాట్లాడటం అలవాటు. అమ్మ నాలుగు నెలలు మంచంలో ఉంటే మా చెల్లెలు మూడుసార్లే వచ్చింది. దానికి బాధ్యత లేదని నేనంటే, ‘మొదటినుంచీ నీకు అదంటే పడదు, అందుకే అలా కనిపిస్తోంది’ అంటున్నాడు అన్నయ్య. కళ్లారా చూసింది చెప్పినా పక్షపాతమేనా? ఎదుటివారి తప్పును నిష్పక్షపాతంగా చూడటం అసలు ఎవరికైనా సాధ్యమా? - ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ‘మూడుసార్లే’ దగ్గర ఆగిపోయానమ్మా. మూడుసార్లు వచ్చింది అంటే లెక్క. మూడుసార్లే వచ్చింది అంటే తీర్పు. మీ నిద్రలేని రాత్రులన్నీ ఆ చివరి ‘ఏ’లో ఉన్నాయి. ‘బాధ్యత లేదు’ అన్నమాట తర్వాత వచ్చింది, తీర్పు మాత్రం అంతకుముందే అయిపోయింది. మీరు అబద్ధం చెప్పారని అనడం లేదు.

అసలు లెక్క కూడా అందరికీ ఒకేలా రాదు. 1951లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విద్యాసంస్థల మధ్య ఫుట్‌బాల్ పోటీ జరిగింది. దెబ్బలాటలతో నిండిన ఆట. తర్వాత హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ఆట ఫిల్మును రెండుచోట్ల విద్యార్థులకూ చూపించి, కనిపించిన తప్పులను గుర్తించమన్నారు. డార్ట్‌మత్ ఆటగాళ్ల తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకు సగటున నాలుగు పైచిలుకు కనిపిస్తే, ప్రిన్స్‌టన్ వాళ్లకు దాదాపు పది కనిపించాయి. చూసింది ఒకే ఫిల్ము. వాళ్లలో చాలామంది ఉన్నదే చెబుతున్నామనే అనుకుని ఉంటారు.

‘నాకు కక్ష లేదు’ అని మీరు మనస్ఫూర్తిగానే రాశారు. కానీ ఆ సంగతి తేల్చుకోవడానికి మన మనసులోకి మనం తొంగిచూస్తే సరిపోదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎమిలీ ప్రోనిన్ తన సహచరులతో కలిసి 2002లో ప్రచురించిన పరిశోధనలో, పక్షపాతం ఇతరులకే ఎక్కువ, తమకు తక్కువ అని జనం చెప్పుకున్నారు. మనుషులు తమను తాము ఎలా ఎక్కువ చేసి చూసుకుంటారో వివరించి చెప్పాక కూడా, తమ అంచనా సరైనదేనని చాలామంది పట్టుబట్టారు.

నా సంగతీ చెప్పాలి. ఉద్యోగంలో చాలా ఏళ్లు సిబ్బంది మీద వచ్చిన ఫిర్యాదులను విచారించాను. ఒక గుమాస్తా లెక్కల పట్టిక తొమ్మిది రోజులు ఆలస్యంగా ఇచ్చాడు. అతని సంజాయిషీ చదివి, ‘విధుల పట్ల నిర్లక్ష్యం’ అని నివేదికలో రాశాను. ఒక ఇంక్రిమెంటు ఆగిపోయింది. కొన్ని నెలలకు ఏదో కాగితం కోసం ఆ ఫైలు తిరగేస్తుంటే నా చేతిరాతే ఎదురైంది. ఆ నివేదిక నేనూ గడువు దాటాకే ఇచ్చాను. కారణం దగ్గర ‘పని ఒత్తిడి వల్ల’ అని రాసుకున్నాను. అతని ఆలస్యానికి అతని గుణం కారణం, నా ఆలస్యానికి నా పరిస్థితి కారణం! రెండు కాగితాలూ ఒకే ఫైలులో, ఒకే దారంతో కుట్టి ఉన్నాయి. అతనికి ఆ ఇంక్రిమెంటు తిరిగి ఇప్పించలేకపోయాను. ఇప్పటికీ గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది.

అలాగని ‘ఎవరి చూపు వారిది, తప్పొప్పులు లేవు’ అంటే నేను ఒప్పుకోను. ఆ మాట ఎప్పుడూ తప్పు చేసినవాడికే అక్కరకొస్తుంది, దెబ్బతిన్నవాడికి నిలబడటానికి చోటుండదు. ఆలస్యం జరిగిందా లేదా అన్నది తేలుతుంది. రాగలిగీ రాలేదా అన్నది కూడా అడిగితే చాలావరకు తేలుతుంది. ‘ఆమె ఎలాంటి మనిషి’ అన్న దగ్గరే మన చూపు తప్పుతుంది. అందుకే విచారణలో రెండు నియమాలు పెట్టారు: ఎవరూ తమ వివాదానికి తామే న్యాయమూర్తి కాకూడదు, రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పకూడదు. మనుషుల మంచితనాన్ని నమ్మి పెట్టిన నియమాలు కావివి, మంచివాళ్లు కూడా పొరబడతారని తెలిసి పెట్టినవి.

ఈ వ్యవహారంలో మీరు న్యాయమూర్తి కాదు, ఫిర్యాది. అందులో తలవంపు లేదు. మీ బాధకు నిష్పక్షపాతం అన్న ముద్ర అక్కర్లేదు. కాబట్టి చెల్లెలితో ‘నీకు బాధ్యత లేదు’ అనకండి. ‘నాలుగు నెలలు ఒక్కదాన్నే చేశాను, నలిగిపోయాను. నువ్వెందుకు రాలేకపోయావు?’ అని అడగండి. అడిగాక పూర్తిగా వినండి, మధ్యలో అడ్డురాకండి. ఆ జవాబు మీ అన్నయ్య కూడా వినేలా చూడండి. మీరిద్దరూ విన్నది ఒకటేనో కాదో తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఆమె దగ్గర చెప్పదగ్గ కారణం లేకపోతే, ‘రాగలిగీ రాలేదు, అది తప్పు’ అని ఆమె ముఖం మీదే చెప్పండి. ఆ మాట అనే హక్కు మీకుంది. మీ ఉత్తరంలో ఆమె ఏమందో ఒక్క ముక్క కూడా లేదు. ముందు అది తెలుసుకుని, మళ్లీ రాయండి.