మ్యాటర్‌హార్న్‌కు ఏ దారి?

ప్రశ్న: భువనగిరి బండ మీద తాడుతో ఎక్కడం నేర్చుకున్న. ఆల్ప్స్‌లో మ్యాటర్‌హార్న్ ఎక్కాలంటే ఏ దారి మేలు?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: స్విట్జర్లాండ్–ఇటలీ సరిహద్దులోని ఈ శిఖరం ఎత్తు 4,478 మీటర్లు. మొదటిసారి వెళ్లేవారికి ఈశాన్యపు హోర్న్‌లి రిడ్జ్ (కొండ అంచు దారి) నయం. 1865లో తొలిసారి ఎక్కింది కూడా ఇటునుంచే. కొండ కిందున్న స్విస్ ఊరు జెర్మాట్ నుంచి ష్వార్జ్‌సీ దాకా రోప్‌వే, అక్కడినుంచి 3,260 మీటర్ల ఎత్తులోని బసకు నడక. జులై–సెప్టెంబరులో, తెల్లారకముందే బయల్దేరాలి. మధ్యాహ్నమైతే పిడుగుల భయం.

మీ బండ ఏకశిల, పట్టు ఊడదు. ఇక్కడ రాయి వదులు. చీకట్లో దారి తప్పితే రాళ్లు జారి కిందివాళ్ల మీద పడతాయి. అందుకే గైడ్ తప్పనిసరి అంటాం. 4,003 మీటర్ల దగ్గరున్న సోల్వే గది ఆపదకే, పడకకు కాదు. ఆపైన కట్టిన లావు తాళ్లుంటాయి, చివర మంచు. బూట్లకు క్రాంపాన్లు (మంచు మీద జారకుండా కట్టుకునే ముళ్ల చట్రాలు) కావాలి. దిగడానికీ ఎక్కినంత సేపు పడుతుంది. ఇటలీ వైపు లయన్ రిడ్జ్ ఇంకా కష్టం.