వాలంటీర్లు నడిపిన చెస్ ఇంజిన్ టెస్టింగ్ గ్రూపులు ఎందుకు మూతపడుతున్నాయి? స్టాక్‌ఫిష్ వల్లేనా?

అడిగినవారు జవాబు కూడా ప్రశ్నలోనే పెట్టేశారు. చెస్ ఆడే ప్రోగ్రామ్‌లని ఇంజిన్లంటారు, వాటిలో ఒకటైన స్టాక్‌ఫిష్ అందరినీ ఓడిస్తోంది, ఇక సొంత కంప్యూటర్లలో ఆటలు ఆడించి ఎవరు ఎన్నో స్థానమో కొలవడం దేనికి, అందుకే మానేశారు కదా అని. కాదండీ. 2009 నుంచి తొమ్మిదేళ్ళు నేను అలాంటి ఒక చిన్న గ్రూపులో ఉన్నాను. పదకొండు మందితో మొదలైంది, మూసేసేనాటికి ముగ్గురం మిగిలాం. ఆ ముగ్గురిలో ఒకడిగా చెబుతున్నాను, మమ్మల్ని స్టాక్‌ఫిష్ ముంచలేదు. మేం ఆటలు చూడటం మానేశాం. మునిగింది అక్కడ.

మా పద్ధతి 40 ఎత్తులకు 40 నిమిషాలు. ఒక్కో ఆట రెండు గంటలు తేలిగ్గా తినేది. వంద ఆటల మ్యాచ్ అంటే ఒక ప్రాసెసర్ కోర్ మీద ఎనిమిది తొమ్మిది రోజులు. అందరి కంప్యూటర్లూ ఒకే వేగంతో ఉండవు కదా, దానికి సీసీఆర్‌ఎల్ అనే ఇంకో టెస్టింగ్ గ్రూపు వాళ్ళ లెక్కనే కాపీ కొట్టాం. అప్పట్లో వాళ్ళకి 2.4 గిగాహెర్ట్జ్ ఆథ్లాన్ 64 ఎక్స్2 4600+ ప్రాసెసర్ కొలబద్ద. క్రాఫ్టీ 19.17 అనే పాత ఇంజిన్‌ని నడిపి మన మెషీన్ ఆ ప్రాసెసర్ కంటే ఎంత వేగమో చూసుకుని టైమ్ తగ్గించుకోవాల్సి వచ్చేది. నాకు 40 నిమిషాలు కాస్తా 31 అయ్యాయి. ఇంట్లో ఎవరికైనా ఇది చెబితే "అయితే నీ గడియారం తప్పా?" అనేవాళ్ళు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. 150 వాట్లు, రోజంతా, నెలంతా. 108 యూనిట్లు. స్లాబ్ మారిపోయేది. నాన్న బిల్లు నా టేబుల్ మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవారు. తిట్టినా బాగుండేది. ఈ పనికి ఎవరూ పైసా ఇవ్వలేదు, థాంక్స్ కూడా అరుదు. ఇంజిన్ రాసినవాడికి మాత్రం తన పేరు రెండు స్థానాలు కిందికి దిగితే అర్ధరాత్రి కూడా మెయిల్ పెట్టే ఓపిక ఉండేది.

2011 మే నెల, గుంటూరు. గుంటూరు ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది. సీపీయూ డబ్బా పక్క రేకు తీసేసి, టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పి, నేను చెమటలు కక్కుతూ కూర్చునేవాణ్ణి. ఒక మ్యాచ్ నడుస్తోంది. ఒక ఇంజిన్ మా పట్టికలో పన్నెండో స్థానం, ఇంకొకటి నలభై దాటినది. 86 ఆటలు అయిపోయాయి, పెద్దది చితకబాదేస్తోంది. 87వ ఆట పొద్దున లేచి చూస్తే చిన్నది గెలుపు మీద ఉంది! బోర్డు మీద రెండు రాజులు, రెండు రూక్‌లు (మా ఇంట్లో ఏనుగులు అనేవాళ్ళం), తెల్లవాడికి, అంటే చిన్నదానికి, రెండు బంట్లు. ఎఫ్ నిలువు వరుసలో ఒకటి, హెచ్ వరుసలో ఒకటి. ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్‌లు (కొద్ది పావులే మిగిలిన స్థితులకి ముందే లెక్కకట్టి పెట్టిన ఫలితాలు) మా గ్రూపులో వాడనిచ్చేవాళ్ళు కాదు, కాబట్టి ఇంజిన్లు సొంత బుర్రతోనే తేల్చుకోవాలి. రెండూ తెల్లవాడికి ప్లస్ రెండు పైన, అంటే రెండు బంట్లకి మించిన ఆధిక్యం, చూపిస్తున్నాయి.

నేను మానిటర్ ఆపేసి స్నానానికి వెళ్ళాను. మానిటర్ ఆపడం నా అలవాటు, నాలుగు యూనిట్లయినా మిగులుతాయని.

అది ఆవకాయ రోజు. వంటింట్లో ప్లగ్గు వదులై నిప్పురవ్వలు వస్తోందని అమ్మ మిక్సీ హాల్లోకి తెచ్చింది. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఖాళీ లేదు. కంప్యూటర్ స్క్రీన్ నల్లగా ఉంది, అంటే ఆపేసి ఉంది. తీగ పీకి మిక్సీ పెట్టింది. యూపీఎస్ బ్యాటరీ ఏప్రిల్‌లోనే పోయింది, మారుద్దాం మారుద్దాం అంటున్నాను. నేను బయటికొచ్చేసరికి ఇల్లంతా ఆవపిండి ఘాటు, కళ్ళు మండిపోతున్నాయి, సీపీయూ ఫ్యాన్ చప్పుడు లేదు.

"అమ్మా, తీగ ఎందుకు తీశావ్! ఆట నడుస్తోంది!"

"నువ్వు స్నానంలో ఉంటే ఆటెవరు ఆడుతున్నారు రా?"

"అదే ఆడుకుంటోంది."

"ఎవరితో?"

"ఇంకో దాంతో. అదీ అందులోనే ఉంది."

అమ్మ కాసేపు ఆ డబ్బా వైపు చూసింది. "రెండూ అందులోనే ఉంటే, ఎవరు గెలిచారో వాటికి తెలుసు కదా, నీకెందుకు?" అని మళ్ళీ మిక్సీ వేసింది.

అయిపోయిన ఆటలు ఫైల్లో ఉన్నాయి, నడుస్తున్నది పోయింది. యూరప్‌లో ఉండే మా గ్రూపు పెద్దాయనకి మెయిల్ పెట్టాను, ఇది తెల్లవాడి గెలుపుగా రాసుకుందాం అని. ఆయన జవాబు రెండు వాక్యాలు. పూర్తికాని ఆట ఆట కాదు, అదే ఓపెనింగ్‌తో మళ్ళీ ఆడించండి. ఆడించాను. చిన్నది 41 ఎత్తుల్లో ఓడిపోయింది.

అయినా నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ మొండితనమే మా పట్టికకి విలువ. స్వీడన్ వాళ్ళ ఎస్ఎస్‌డీఎఫ్ అనే చెస్ కంప్యూటర్ల రేటింగ్ పట్టిక 1984 నుంచి ఉంది. తొలి రోజుల్లో వాళ్ళు చెస్ కంప్యూటర్లని పక్కపక్కన పెట్టుకుని, ఒకదాని ఎత్తు ఇంకోదాని మీద చేత్తో నొక్కి ఆడించారు, 40 ఎత్తులకు రెండు గంటల చొప్పున. ఆ మనుషులు ప్రతి ఎత్తూ చూశారు, చూడక తప్పదు కాబట్టి. మేం ఆ ఆఖరి తరానికి కాస్త అటూ ఇటూ.

తర్వాత ఏమైంది? 2011లోనే కంప్యూటర్ చెస్ పోటీలు నడిపే ఐసీజీఏ సంస్థ, కోడ్ కాపీ కొట్టారంటూ రిబ్కా అనే ఇంజిన్ టైటిళ్ళు వెనక్కి తీసుకుంది, ఎవడి కోడ్ ఎవడు కొట్టేశాడన్న గొడవ మా గ్రూపులోకీ వచ్చింది, నలుగురు అలిగి వెళ్ళిపోయారు. ఏ ఇంజిన్ పట్టికలో ఉండాలి, ఏది ఉండకూడదు అని నెల రోజులు మెయిళ్ళు. ఆ నెలలో ఒక్క ఆట గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. 2013లో స్టాక్‌ఫిష్ వాళ్ళు ఫిష్‌టెస్ట్ మొదలుపెట్టారు. అదీ వాలంటీర్ల కంప్యూటర్లే, కానీ ఒక్కో పక్షానికి కొన్ని సెకన్లే ఇచ్చే ఆటలు, స్టాక్‌ఫిష్ కొత్త కోడ్ దాని పాత కోడ్‌తో తలపడటం. కోట్ల ఆటలు. లెక్క వాళ్ళ పక్షానే ఉంది, ఒప్పుకుంటాను. వెయ్యి ఆటలు ఆడించినా రేటింగ్ పదిహేను ఎలో పాయింట్లు (చెస్‌లో బలం కొలిచే పాయింట్లు) అటో ఇటో ఉంటుంది. రెండు పాయింట్ల తేడా పట్టుకోవాలంటే యాభై వేల ఆటలు దాటాలి, నా ఒక్క కోర్ మీద మా పద్ధతిలో అయితే పదకొండేళ్ళు. కానీ తనతో తాను ఆడి పెరిగిన పాయింట్లు బయటివాళ్ళ మీద అన్నీ నిలబడవు. అందుకే బయటివాడి పట్టిక కావాలి అనేది నా వాదన. గ్రూపులో పెద్దగా ఎవరూ వినలేదు.

నేనూ మారాను లెండి. నాలుగు కోర్ల మెషీన్ వచ్చాక నాలుగు ఆటలు ఒకేసారి. వారానికోసారి ఫైల్ పంపడం, అంతే. చివరి రెండేళ్ళలో నేను పంపిన వాటిలో ఒక్క ఆట కూడా తెరిచి చూడలేదు. పై వరుస ఇంజిన్ల మధ్య అయితే అన్నీ డ్రాలే. 2018లో పెద్దాయన మెయిల్ వచ్చింది, ఈ పట్టికే ఆఖరిది, అందరికీ కృతజ్ఞతలు అని. ఆ రోజు కూడా మెషీన్ మీద మ్యాచ్ నడుస్తోంది. ఆపాలని రాత్రి దాకా నాకు గుర్తు రాలేదు.

ఆ 87వ ఆట స్థితి మాత్రం ఆ రోజే గోడ క్యాలెండర్ మే కాగితం వెనక గుర్తున్నంత మేర రాసుకున్నాను. మొన్న ఇల్లు సర్దుతుంటే దొరికింది. ఆరు పావులేగా, ఫోన్లో టేబుల్‌బేస్‌కి ఇచ్చాను. రెప్పపాటులో డ్రా అంది. ఎఫ్, హెచ్ బంట్ల రూక్ ఎండ్‌గేమ్ చాలాసార్లు డ్రాయేనని పుస్తకాల్లో చదివినవాణ్ణే, అయినా నమ్మబుద్ధి కాలేదు. నల్ల రాజుని ఒక గడి పక్కకి జరిపి మళ్ళీ అడిగాను. తెల్లవాడు గెలుస్తాడు అంది. రాజు అక్కడే ఉండి ఉంటుంది. కళ్ళల్లో ఆవఘాటుతో రాశాను, ఒక గడి తప్పు రాసుంటాను.