గురుకులంలో నర్సుగా చేరిన మా చెల్లెలి కూతురికి

చిట్టితల్లీ,

నీకు పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పగానే చాలా సంతోషమేసింది. "ఇంతమంది ఆడపిల్లలు, సగంమందికి దురదలు, వానలు పడితే కళ్లకలకలు. ఏ మందులు తెప్పించుకోవాలి పెద్దమ్మా?" అని ఫోన్లో అడిగావు. ఫోన్లో తేలే విషయం కాదని ఇలా రాస్తున్నాను.

స్కిన్ ఓపీలో, కంటి వార్డులో ఇన్నేళ్లు పనిచేశాక నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఒంటికీ కంటికీ సొంత కాపలా ఉంటుంది. ఇన్ఫెక్షన్ చాలావరకు ఆ కాపలా దెబ్బతిన్నచోటే మొదలవుతుంది. దాన్ని దెబ్బతీసేది చాలాసార్లు వైద్యం పేరుతో మనం చేసే పనులే. అందుకని ముందు ఆ కాపలా సంగతి తెలుసుకో, మందుల లిస్టు తర్వాత రాసుకోవచ్చు.

చర్మం పైపొరలో ఉండేవన్నీ చనిపోయిన కణాలే. అవి రోజూ రాలిపోతూ మీద చేరిన క్రిముల్ని కూడా తీసుకుపోతాయి. అడుగునుంచి కొత్త పొర పైకి రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. చెమట, జిడ్డు కలిసి చర్మాన్ని కాస్త ఆమ్లంగా, పీహెచ్ 5కి అటూఇటూగా ఉంచుతాయి. చాలా రోగక్రిములకు ఆ ఆమ్లం, ఆ ఉప్పు, ఆ పొడిదనం పడవు. వీటికి తోడు ఎప్పుడూ మన ఒంటిమీదే కాపురముండే సూక్ష్మజీవులున్నాయి. స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బ్యాక్టీరియా అందరి చర్మం మీదా ఉంటుంది. ముఖం, వీపు లాంటి జిడ్డు చోట్ల క్యూటిబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా, మలసేజియా అనే ఈస్టు ఉంటాయి. ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు ఇవి చోటునీ తిండినీ ముందే పట్టేసుకుంటాయి, చెడ్డ క్రిమి వచ్చినా దానికి జాగా దొరకదు. కొన్నయితే ఆ క్రిముల్ని చంపే పదార్థాలు కూడా తయారుచేస్తాయి.

కాబట్టి స్నానం నీళ్లలో యాంటీసెప్టిక్ కలపడం, పీచుతో ఒళ్లు ఎర్రబడేలా రుద్దడం మాన్పించు. రోజుకొకసారి మామూలు సబ్బుతో స్నానం చాలు. ఆ తర్వాత చంకలు, గజ్జలు, కాలివేళ్ల సందులు పొడిగా తుడుచుకోవడం ముఖ్యం, తామర మొదలయ్యేది ఆ చెమ్మలోనే. హాస్టళ్లలో పిల్లలు సిగ్గుపడి లోదుస్తులు మంచం కిందో, తువ్వాలు చాటునో ఆరేస్తారు. అవి సరిగా ఆరవు, తెల్లారి ఆ తడితోనే తొడుక్కుంటారు. మేడ మీద మగవాళ్ల కంట పడని వైపు, ఎండ తగిలేలా ఒక తాడు కట్టించు. ఆ తాడు చేసే మేలు ఏ ట్యూబూ చేయదు.

ఇక గజ్జి. నీకు ఎక్కువ పని పెట్టేది ఇదే. రాత్రి పిల్లలు పడుకునే ముందు టార్చి పట్టుకుని గదులకు వెళ్లు. వేళ్ల సందులు, మణికట్టు లోపలివైపు, చంకల అంచులు, బొడ్డు చుట్టూ చూడు. చిన్న చిన్న పొక్కులుంటాయి. వాటి మధ్య అర సెంటీమీటరో, కాస్త ఎక్కువో పొడవున బూడిదరంగు సన్నటి వంకర గీత కనిపిస్తే అది గజ్జి తెచ్చే చిన్న పురుగు చర్మంలో తవ్వుకున్న దారి. దురద రాత్రిపూట పెరుగుతోందా, పక్క మంచం అమ్మాయికీ ఉందా అని అడుగు. రెండింటికీ ఔనంటే దాదాపు గజ్జే.

డాక్టరుగారు పెర్మెత్రిన్ 5 శాతం క్రీము రాస్తారు. మందు మంచిదే, పూయడంలోనే పొరపాటంతా జరుగుతుంది. దురద ఉన్నచోట మాత్రమే రాసుకుంటే పోదు. మెడ దగ్గర్నుంచి అరికాళ్ల దాకా, గోళ్లు కత్తిరించి గోళ్ల కింద కూడా పూయాలి. రాత్రి పూసి 8 నుంచి 12 గంటలు ఉంచి పొద్దున స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకు మళ్లీ పూయాలి. వారం తర్వాత ఇంకోసారి. గదిలో అందరికీ ఒకే రాత్రి పూయించు, దురద లేనివాళ్లకు కూడా. మొదటిసారి పట్టినప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఈలోగా ఆ పిల్ల నలుగురికి అంటించేస్తుంది. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికించు. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి వారంపాటు పక్కన పెట్టించు. ఒంటిని వదిలితే పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. మందు సరిగ్గా పనిచేసినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండొచ్చు. టెన్షన్ పడి మళ్లీ మళ్లీ పూయకు, చర్మం మండిపోతుంది.

గజ్జే కదా అని ఎవరైనా తీసిపారేస్తే ఒప్పుకోకు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి సుమారు మూడోవంతు మంది ముక్కుల్లో ఏ హానీ చేయకుండా ఉంటుంది. ముక్కులో పెట్టిన వేలితోనే గోక్కుంటే ఆ గీరుకున్నచోటు దానికి దారి. స్ట్రెప్టోకాకస్ కూడా అలాగే దూరుతుంది. చీముపొక్కులు, వాటి మీద తేనెరంగు పెచ్చులు కడతాయి. స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చిన పుండ్లు మానిన కొన్ని వారాలకు కొందరు పిల్లల్లో కిడ్నీలు వాస్తాయి. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బడం, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం చూస్తే ఆ రోజే పెద్దాసుపత్రికి పంపు. పోయిన నెల పుండ్లు ఉండేవన్న మాట చీటీ మీద రాసి మరీ పంపు.

తామర గురించి నాకు కోపం ఉంది, దాచుకోను. మెడికల్ షాపులో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ కలిపిన ట్యూబులు అడగ్గానే ఇస్తారు. స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం కట్టడి చేసినా పెద్దగా మారలేదు. ఆ క్రీముతో రెండు రోజుల్లో దురద ఆగిపోతుంది, పిల్ల సంబరపడుతుంది. కానీ స్టెరాయిడ్ చర్మపు రక్షణశక్తిని అణిచేస్తుంది కాబట్టి ఫంగస్ హాయిగా పాకుతుంది. వలయం మీద వలయం లేస్తుంది, తొడల మీద చర్మం పల్చబడి చారలు పడతాయి. నువ్వు చేరిన వారంలోనే అందరి పెట్టెల్లోని ట్యూబులు బయట పెట్టించు. తిట్టకు, తిడితే దాచేస్తారు. డాక్టరు ఇచ్చిన అసలు ఫంగస్ మందును మచ్చ అంచు దాటి రెండు వేళ్ల మేర పూయించు. మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపనివ్వకు. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనిపిస్తే మాత్రం దానికి ఏమీ పూయకుండా పీహెచ్‌సీకి పంపు, కుష్ఠు కావచ్చు.

కన్ను సంగతికొస్తే, కన్నీటిని మించిన మందు లేదు. అందులో బ్యాక్టీరియా గోడల్ని చీల్చే లైసోజైమ్ ఉంటుంది. పెన్సిలిన్‌తో పేరొచ్చిన ఫ్లెమింగే అంతకుముందు, 1922లో, దాన్ని వెల్లడించాడు. రెప్ప వేసిన ప్రతిసారీ ఆ కన్నీరు కంటిని కడుగుతుంది. చర్మంతో పోలిస్తే కంటి మీద క్రిములు చాలా తక్కువ ఉండటానికి కారణం అదే. అలాంటి కంట్లో తల్లిపాలు, నందివర్ధనం రసం, తేనె పోయనివ్వకు. కాటుకడబ్బా ఒకరిది ఒకరు వాడకూడదని గట్టిగా చెప్పు.

2023 వానాకాలంలో మన రెండు రాష్ట్రాల్లో కళ్లకలక ఎంత తిప్పలు పెట్టిందో నీకు గుర్తుండే ఉంటుంది. అలా ఊళ్లు చుట్టే కలక ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయోటిక్ చుక్కలకు లొంగదు. రెండు వారాల్లోపు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. వాళ్ల కళ్లలోకి చూస్తే అంటుకోదు, చేతులూ తువ్వాలూ దిండుగలేబులూ అంటిస్తాయి. వచ్చిన పిల్లని వేరే గదిలో ఉంచి, పుసిని కాచి చల్లార్చిన నీళ్లతో, శుభ్రమైన దూదితో తుడిపించు. ఒక్కో కంటికి ఒక్కో దూది. డాక్టరు చుక్కలు రాసినా ఒకరి సీసా ఇంకొకరికి వాడకు. రెప్పమీద కురుపైతే గోరువెచ్చటి కాపడం రోజుకు మూడు నాలుగుసార్లు పది నిమిషాలు పెట్టించు, నొక్కనివ్వకు.

నల్లగుడ్డు దగ్గర మాత్రం ఒక్క పూట కూడా ఆగకు. అది అద్దంలా కనబడటానికి దానిలో రక్తనాళాలు ఉండకూడదు, అందుకే లోపల పుండు పడితే శరీరపు సాయం ఆలస్యంగా అందుతుంది. మానినా తెల్లమచ్చ, అదే పువ్వు, మిగిలిపోతుంది. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లి నూర్పిళ్ల దగ్గర వడ్ల ధూళో, గడ్డి పోచో కంట్లో పడి వచ్చే పిల్లలుంటారు. మన దగ్గర ఇలాంటి దెబ్బల్లో ఫంగస్ ఎక్కువ. షాపువాడిచ్చే స్టెరాయిడ్ చుక్కలు పడితే ఎరుపు తగ్గినట్టే కనిపిస్తూ లోపల పుండు పెరుగుతుంది. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసక, నల్లగుడ్డు మీద తెల్లచుక్క, వీటిలో ఏ ఒక్కటున్నా కంటి డాక్టరు దగ్గరికి పంపించు.

సాయంత్రం చీకటిపడ్డాక తడుముకునే పిల్ల, కంటి తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చ ఉన్న పిల్ల కనిపిస్తే విటమిన్ ఎ లోపమేమో డాక్టరుకు చూపించు. ఆ విటమిన్ లేకపోతే కంటి పైపొర ఎండిపోయి కాపలాయే పోతుంది. వంటామెతో స్నేహం చేసుకో. మునగాకు, తోటకూర, బొప్పాయి పండు, గుడ్డు మెనూలో ఎన్నిసార్లు వస్తున్నాయో కనుక్కో.

లిస్టు అడిగావుగా. పెర్మెత్రిన్, ఫంగస్ క్రీము డాక్టరు సంతకంతో తెప్పించుకో. దూది, గోళ్లకత్తెరలు, మంచి టార్చి నీ దగ్గరే ఉండాలి. అన్నింటికంటే ముందు ప్రిన్సిపాల్‌గారికి ఒక లెటర్ పెట్టు: పిల్లకొక తువ్వాలు, పిల్లకొక సబ్బు, పొద్దున బాత్‌రూముల్లో నీళ్లు ఎన్ని గంటలు వస్తాయో. జిరాక్స్ కాపీ మీద అందినట్టు సంతకం తీసుకుని నీ ఫైల్లో పెట్టుకో. పది రోజుల్లో జవాబు రాకపోతే మళ్లీ రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ